నాలుగు భాషల ఉప్పు

మీ వంటింట్లో ఒక డబ్బా మూత తీస్తే లోపల తెల్లటి పొడి కనిపించింది. అది ఉప్పో, చక్కెరో, వంటసోడానో మీరు ఎలా తేల్చుకుంటారు? ఒక పలుకు నాలుక మీద వేసుకుంటారా, లేక డబ్బా అడుగున పరిచిన పాత పేపరు ఏ భాషలో ఉందో చూసి తేల్చేస్తారా? నవ్వకండి. ఈ రెండో పద్ధతిని కనిపెట్టినవాణ్ణి నేనే. జీతం తీసుకుని, నల్లబల్ల పక్కన నిలబడి, ప్లస్‌టూ సైన్సు పిల్లలకు దాన్ని నేర్పించాను. దాన్ని పాటించినవాళ్ళకు కెమిస్ట్రీ ప్రాక్టికల్లో యాభైకి యాభై వచ్చాయి. పాటించని ఒక్క పాపకు ముప్పై ఆరు వచ్చాయి.

నేను హోసూరులో ఒక ప్రైవేటు హయ్యర్ సెకండరీ బడిలో కెమిస్ట్రీ మాస్టరుగా ఉన్న రోజుల మాట ఇది. రెండువేల సంవత్సరం వచ్చి రెండు మూడేళ్ళు అయి ఉంటుంది. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు, ఫ్యాక్టరీల చుట్టూ లేఅవుట్లు, లేఅవుట్ల మధ్యలో బళ్ళు పుట్టుకొస్తున్న కాలం. మే నెల వచ్చిందంటే బస్టాండు ఎదురుగా బళ్ళ బ్యానర్ల మీద పిల్లల మొహాలు వరసగా వేలాడేవి. ప్రతి మొహం కింద ఒక అంకె ఉండేది, కొన్ని మొహాల కింద సెంటం అని రాసి ఉండేది. సెంటం అంటే ఒక సబ్జెక్టులో ఉన్న మార్కులన్నీ ఊడ్చుకుని రావడం. ఆ పిల్లకు ఆ సబ్జెక్టు వచ్చిందా అని అడిగిన మనిషిని నేను ఆ బస్టాండులో ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఏ బడి, ఫీజెంత, హాస్టలుందా అని అడిగేవాళ్ళు మాత్రం నా చొక్కా పట్టుకుని నిలిపి మరీ అడిగేవాళ్ళు.

అంతకుముందు, తొంభైల్లో, క్రిష్ణగిరిలో కాలేజీ చదివేటప్పుడు నాకు వేరే జబ్బు ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఒక సైకిల్ షాపు మీది మేడగదిలో వాదనల సభ జరిగేది. జాతకం నిజమా, దయ్యం ఉందా, శకునం పనిచేస్తుందా అని తెలుగులో, తమిళంలో, కన్నడంలో పోట్లాడుకునేవాళ్ళం. కంటితో చూడనిదాన్ని నమ్మవద్దు, చూసినదాన్ని కూడా ఇంకోసారి పరీక్షించకుండా నమ్మవద్దు అని నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని నిరూపించడానికి నేనే నడిచి, వారం రోజులు అరికాళ్ళకు మందు రాసుకున్నాను. వాదన మాత్రం గెలిచాను. అటువంటి మనిషికి సైన్సు మాస్టరు పని దొరికితే ఏమవుతుంది? ఏమీ కాదు. మొదటి నెల జీతం చేతికి వచ్చేసరికి అరికాళ్ళు మెత్తబడతాయి.

మా బడి యజమానిని అందరూ కరస్పాండెంటు అనేవారు. ఊళ్ళో పాత బట్టల వ్యాపారి ఇంటి మనిషి. ఆయన చెడ్డవాడు కాడు. కొట్లో గిరాకీ ఏ చీర వైపు చూస్తే ఆ చీర దించినట్టే, ఇక్కడ కూడా తల్లిదండ్రులు ఏది అడిగితే అది దించాడు. మీరు అడిగింది మార్కులు. ఆయన దించింది మార్కులు. మీరు ఎప్పుడైనా పొరపాటున చదువు అడిగి ఉంటే, వెనక అరలో వెతికి అది కూడా తెచ్చి చూపించేవాడేమో. ఎవరూ అడగలేదు గనుక ఆ సంగతి తెలియకుండానే పోయింది.

ప్లస్‌టూ కెమిస్ట్రీలో రాతపరీక్షకు నూటయాభై, ప్రాక్టికల్‌కు యాభై. ఆ యాభైలో పెద్ద భాగం సాల్ట్ అనాలిసిస్‌ది. పిల్లవాడి చేతికి చిటికెడు తెల్లపొడి ఇస్తారు. అది ఏ లవణమో చెప్పరు. కరిగించి, కాచి, ఒక్కొక్క మందూ కలిపి, ఏది తెల్లబడుతుందో, ఏది పొంగుతుందో చూసి, అందులో ఏముందో ఆ పిల్లవాడే కనుక్కోవాలి. పన్నెండేళ్ళ బడి చదువులో జవాబు ముందుగా ఎక్కడా అచ్చు వేసి లేని ప్రశ్న ఇదొక్కటే. అందుకే మాకందరికీ దీన్ని చూస్తే భయం. ఇటువంటి ప్రమాదంలోకి పిల్లల్ని వదిలితే యాభైకి యాభై ఎలా వస్తాయి?

నేను చేరేనాటికే ఉపాయం ఉంది. పరీక్ష రోజు ల్యాబు అటెండరు పొట్లం చేతికిస్తూ దగ్గేవాడు. ఒక దగ్గు కార్బొనేట్, రెండు సల్ఫేట్, మూడు క్లోరైడ్, గొంతు సవరిస్తే నైట్రేట్. అటెండరు జవళగిరి మనిషి, యాభై దాటినవాడు, నమ్మకస్తుడు. ఒక ఏడాది ఫిబ్రవరి చలికి ఆయనకు నిజంగానే దగ్గు పట్టుకుంది. ఆ రోజు పిల్లలు రాసిన లవణాలు ఈ భూమి మీద దొరికేవి కావు. దాన్ని ఎలా సర్దారో నేను చెప్పను, మీరు ఊహించుకోగలరు. మరుసటి ఏడాది ఈ దగ్గుల పద్ధతిని నేను సంస్కరించాను. సంస్కర్తనని పేరు పెట్టుకున్నాక ఏదో ఒకటి సంస్కరించాలి కదా.

నా సంస్కరణ ఇది. మా ఊళ్ళో పాతపేపర్ల కొట్టుకు పోతే నాలుగు భాషల పేపర్లు తూకానికి దొరుకుతాయి. తమిళ పేపరులో కట్టిన పొట్లం కార్బొనేట్. తెలుగు పేపరు సల్ఫేట్. కన్నడ పేపరు క్లోరైడ్. ఇంగ్లీషు పేపరు నైట్రేట్. లవణంలో లోహం ఏదో పొట్లానికి చుట్టిన దారం రంగు చెబుతుంది. దగ్గు అక్కర్లేదు, సైగ అక్కర్లేదు. మూడు రాష్ట్రాలు కలిసే ఊళ్ళో భాషల సఖ్యతకు ఇంతకంటే గొప్ప నిదర్శనం ఏముంటుందని స్టాఫ్‌రూములో ఒకాయన నన్ను మెచ్చుకున్నాడు. నన్ను నేను కూడా కొంచెం మెచ్చుకున్నాను.

ఈ పద్ధతిలో సీసాలతో పని లేదు గనుక సీసాలు ప్రశాంతంగా ఉండేవి. వాటిని అందరూ కలిసి ముట్టుకునేది ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజనాడు. త్రాసుకు గంధం, ద్రవాలు కొలిచే గాజుగొట్టం బ్యూరెట్‌కు కుంకుమ, యాసిడ్ సీసాకు పూలదండ. బ్యూరెట్‌కు కుంకుమ పెట్టడం మూఢనమ్మకమని నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మరుసటి వారం అదే బ్యూరెట్‌ను ముట్టుకోకుండానే పిల్లల చేత రీడింగులు రాయించాను. దాని మీద నాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ ఏడాది క్లాసులో అంచెట్టి అవతలి కొండ ఊరి పాప ఒకతె ఉండేది. తండ్రికి కొంచెం రాగి చేను, కొంచెం టమాటా, నాలుగు పశువులు. ఊరికి రోజుకు రెండు బస్సులు. చిన్నప్పుడు జవళగిరి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి అయిదో క్లాసు దాకా కన్నడ బడిలో చదివింది, తర్వాత తమిళ బడి, ఇప్పుడు హోసూరులో మేనత్త ఇంట్లో ఉండి మా ఇంగ్లీషు మీడియం. ఆమె తండ్రి పెట్టిన షరతు క్లాసంతటికీ తెలుసు. గవర్నమెంటు వ్యవసాయ కాలేజీలో సీటు వస్తే చదివిస్తాడు. రాకపోతే ప్లస్‌టూతో చదువు ముగిసింది, తిరిగి కొండ ఎక్కాలి. సీటు మార్కుల మీద ఆధారపడుతుంది, ఆ మార్కుల్లో కెమిస్ట్రీ ఒకటి. ఆ పాపకు ఇంత ఖచ్చితంగా మార్కుల అవసరం ఉంది. అయినా మార్కులకు పనికిరాని ప్రశ్నలు అడిగేది. అవక్షేపం కిందికే ఎందుకు దిగుతుంది సార్, దిగకుండా తేలేది ఏదైనా ఉందా సార్ అనేది. అది పరీక్షలో రాదని నేను చెప్పేవాణ్ణి. క్లాసు నవ్వేది. అటువంటి ప్రశ్నలకు చేతులెత్తమని మేడగదిలో నేను జనాన్ని బతిమాలిన రోజులున్నాయి.

ఒకరోజు సాయంత్రం ఆమె చేతిగుడ్డలో ఏదో మూట కట్టుకుని ల్యాబుకు వచ్చింది. విప్పితే పంచదారలా మెరుస్తున్న తెల్ల ఎరువు.

"దీంట్లో ఉప్పు కలిపినారేమో చూడాల సార్. ఇది ఏసినాక మా నాయన టమాటా నారు మాడిపోయినాది."

"ఇది సిలబస్‌లో లేదమ్మా," అన్నాను.

"ఉప్పు ఉండాది కదా సార్, సిలబస్‌లో."

సరే చూడమన్నాను. ఎరువును డిస్టిల్డ్ వాటర్‌లో, అంటే ల్యాబుల్లో వాడే శుద్ధమైన నీళ్ళలో, కరిగించి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. ఉప్పు ఉంటే తెల్లబడాలి. పాలలాగా తెల్లబడింది. ఆ శనివారం తండ్రి అంచెట్టిలో ఎరువుల అంగడికి పోయి, పదిమందిలో అంగడాయన్ని దొంగ అన్నాడు. మూట సీలు విప్పింది మీరే కదప్పా, నేనేమి కలిపినాను అని ఆయన మొత్తుకున్నాడట.

సోమవారం ఆ పాప మళ్ళీ వచ్చి అదే పరీక్ష రెండోసారి చేసింది. ఎవరూ చెప్పకుండానే ఇంకో పని కూడా చేసింది. ఎరువు వేయని ఉత్త నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ వేసి చూసింది. అవి కూడా అంతే తెల్లబడ్డాయి. ఉప్పు ఎరువులో లేదు, మా డిస్టిల్డ్ వాటర్‌లో ఉంది. మా డిస్టిల్డ్ వాటర్ డబ్బాలోకి బడి వెనక బోరు నీళ్ళు పట్టేవారు. ఆ వారం చివర ఆమె తండ్రిని వెంటబెట్టుకుని మళ్ళీ అంగడికి పోయింది. తండ్రి ఆ పదిమందిలోనే చేతులు జోడించి తప్పయిపోయిందన్నాడు. ఈ సంగతంతా ఆమె నాకు ఏ గొప్పా లేకుండా చెప్పి, చివర నీళ్ళు మార్చాల సార్ అంది.

నేను అటెండరుకు చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆ నీళ్ళు ఎవురు తాగబోయినారు సార్? ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు డబ్బా నిండుగా ఉంటే సాలు కదా." నాకు కూడా అది సాలు అనిపించింది. నీళ్ళు మారలేదు.

ఫిబ్రవరిలో పరీక్ష వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఊత్తంగరై వైపు ఒక గవర్నమెంటు బడి మాస్టరు. తమిళాయన, రిటైరుమెంటు దగ్గరపడిన మెత్తని మనిషి. బడి తరఫున పరీక్షాధికారిని నేనే. ఇరవై మంది పిల్లల బ్యాచ్‌కు పొట్లాలు పంచాం. వాటిలో తెలుగు, కన్నడ పొట్లాలు పన్నెండు. నా పద్ధతి పనిచేస్తుంటే చూసి ఆనందిద్దామని వరసల మధ్య తిరిగాను. మూడో బల్ల దగ్గర కుర్రవాడి ముందర తెలుగు పేపరు పొట్లం ఉంది. అంటే సల్ఫేట్. వాడు నిబ్బరంగా క్లోరైడ్ అని రాస్తున్నాడు.

వంగి మెల్లగా అడిగాను. "ఏమప్పా, మీ ఇంట్లో ఏం భాష?"

"తెలుగు సార్."

"ఈ పేపరు ఏం భాష?"

వాడు పొట్లాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, శ్రద్ధగా చూశాడు. "కన్నడం సార్."

ఈ పిల్లలు అవ్వతో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం, బడిలో ఇంగ్లీషు, మార్కులు బాగా పడతాయని భాషా సబ్జెక్టుగా ఫ్రెంచి. తెలుగు అక్షరాలు ఎప్పుడూ నేర్చుకోలేదు, మార్కులు తేవు గనుక ఎవరూ నేర్పలేదు. తెలుగు, కన్నడం రెండూ వాళ్ళ కళ్ళకు ఒకే రకం గుండ్రాలు. క్లాసులో నేను ఈ పద్ధతి చెప్పినప్పుడు అందరూ తలలూపారు. తెలియదని ఒక్కరూ అనలేదు. తెలియదని చెబితే పరువు పోతుందని పన్నెండేళ్ళు నేర్పిన తర్వాత ఇంకేమంటారు? పన్నెండు మందిలో తొమ్మిదిమంది తారుమారుగా రాశారు. ఉత్త పేరు రాసి ఊరుకోలేదు. గడ్డపెరుగులాంటి తెల్లని అవక్షేపం వచ్చింది, అది అమ్మోనియాలో కరిగింది అని కళ్ళారా చూసినట్టు వర్ణించారు. వాళ్ళ టెస్ట్‌ట్యూబులు పొడిగా, స్టాండులో వరసగా, తళతళ మెరుస్తున్నాయి.

కొండ ఊరి పాప చేతికి వచ్చింది కన్నడ పొట్లం. ఆ గదిలో దాన్ని నిజంగా చదవగలిగిన పిల్ల ఆమె ఒక్కతే. చదివింది కూడా. దాని అర్థం క్లోరైడ్ అని ఆమెకు తెలుసు. తెలిసి కూడా పొట్లం విప్పి, కాగితం పక్కన పెట్టి, అంగడి అవమానం తర్వాత అలవాటయిన పనే ముందు చేసింది. ఉత్త నీళ్ళను పరీక్షించింది. సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లబడ్డాయి, అంటే క్లోరైడ్ ఉన్నట్టు. బేరియం క్లోరైడ్ వేస్తే మళ్ళీ తెల్లబడ్డాయి, అంటే సల్ఫేట్ కూడా ఉన్నట్టు. మా బోరు నీళ్ళు దేన్నీ కాదనవు. నీళ్ళతో పని లేని యాసిడ్ పరీక్ష ఒకటి ఉంది గానీ, పిల్లలు చేతులు కాల్చుకుంటారని ఆ గాఢ యాసిడ్‌ను మేం ఏనాడో పలుచన చేసి పెట్టాం. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి, నీళ్ళు సార్ అంది. అంతే. నాకు అర్థమైంది. టైమ్ అయిపోతోంది, రాసేయ్యమ్మా అన్నాను.

ఆమె రాసింది. వచ్చీరాని ఇంగ్లీషులో, తిన్నని అక్షరాలతో. ఈ లవణంతో రెండు పరీక్షలూ తెల్లబడ్డాయి, లవణం వేయని నీళ్ళతో కూడా రెండూ తెల్లబడ్డాయి, కాబట్టి ఇందులో ఏముందో ఈ నీళ్ళతో చెప్పడానికి కుదరదు. ఆ ల్యాబులో అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అటువంటి వాక్యం ఎవరూ రాయలేదు. కెమిస్ట్రీ మాస్టర్నయిన నేను కూడా రాయలేదు.

మధ్యాహ్నం కరస్పాండెంటు ఎగ్జామినర్‌ను భోజనానికి తన ఇంటికి తీసుకుపోయాడు. జవాబు కాగితాలు నా దగ్గర ఉన్నాయి. అలా ఉండాలనే భోజనం. తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి కొత్త కాగితాలు ఇచ్చాను. పెరుగులాంటి అవక్షేపాలు చూసినవాళ్ళు అరగంటలో వాటిని చూడకుండా పోయారు, వేరేవి చూశారు. ఒక్కరికీ బాధ కలగలేదు. వాళ్ళను నేనేమీ అనను. ఏం చూశావని వాళ్ళను ఏ రోజూ ఎవరూ అడగలేదు, ఏం రాయాలో మాత్రమే చెప్పాం.

చివరికి ఆ పాపను పిలిచాను. "క్లోరైడ్ అని ఒక్క ముక్క రాసేయ్యమ్మా. అది క్లోరైడేనని నీకూ తెలుసు కదా."

"తెలుసు సార్. పేపరు చూసి తెలుసు. టెస్టు చూసి తెలీలేదు."

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయింటే మా నాయన అంగడాయన కాడ చెయ్యి జోడించే పని యాల వచ్చె సార్?"

సీటు గుర్తు చేశాను. వ్యవసాయ కాలేజీ, తండ్రి మాట, లవణం పేరుకు ఉన్న పద్నాలుగు మార్కులు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. ఆమెకు భయం లేదని మీరు అనుకోకండి. క్లోరైడ్ అని రాసి దాని కింద ఈ నీళ్ళ మాట కూడా ఉంచవచ్చా సార్ అని అడిగింది. కుదరదన్నాను. రెండూ ఒక కాగితం మీద ఉంటే పొట్లాల సంగతి బయటపడుతుంది. అయితే ఉన్నట్టే ఉండనీండి సార్ అని పోయి తన బల్ల దగ్గర నిలబడింది.

భోజనం చేసి వచ్చిన ఎగ్జామినర్ కాగితాలు దిద్దుతూ ఆమె కాగితం దగ్గర ఆగాడు. ఒకసారి చదివాడు, కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. నన్ను పక్కకు పిలిచి తమిళంలో మెల్లగా అన్నాడు. పిల్ల ఆలోచన సరిగ్గా ఉంది, కానీ దీనికి మార్కు వేయడానికి నా దగ్గర గడి లేదు. ఒక దారి ఉంది. మీ నీళ్ళు పాడయ్యాయని మీరు ఒక వాక్యం రాసి సంతకం పెడితే, ఈ పాపకు మంచి నీళ్ళిచ్చి, ఇంకో లవణమిచ్చి మళ్ళీ చేయించవచ్చు. నీళ్ళు పాడేనా?

కరస్పాండెంటు తలుపు దగ్గరే ఉన్నాడు, కారు తాళాల గుత్తి వేలికి తగిలించుకుని. ఆ వాక్యం కాగితం మీదికి వస్తే ఏమవుతుందో ఆయనకు అర్థమైంది. నన్ను వరండాలోకి పిలిచాడు. ఆయన గొంతు పెంచలేదు. "సార్, మీరు చదువుకున్నోరు. మీకు నేను చెప్పేదేముండాది. నీళ్ళు పాడని రాస్తే మిగతా పంతొమ్మిది మంది ఏ నీళ్ళతో చేసినారని అడుగుతారు. ఆ పిల్లోళ్ళ అమ్మానాయనలకు మీరు చెప్తారా, నేను చెప్పల్లా?"

నేను లోపలికి వచ్చాను. ఎగ్జామినర్ పెన్ను మూత తీసి నా వైపే చూస్తున్నాడు. అవతల ఆ పాప కూడా చూస్తోంది. జాతకాల మీద మూడు గంటలు మాట్లాడగలిగిన నోరు నాది. నీళ్ళు సరిగ్గానే ఉన్నాయి సార్ అన్నాను. తమిళంలోనే అన్నాను గానీ, ఆ పాపకు తమిళం కూడా వచ్చు.

ఆయన తల ఊపి పద్నాలుగు మార్కులు కొట్టేశాడు. మంచివాడు గనుక చేసిన తీరుకు ఉన్న మార్కులు మాత్రం ఉంచాడు.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. మా బడికి కెమిస్ట్రీలో సెంటంలు వచ్చాయి, బస్టాండు ఎదురుగా మొహాలు వేలాడాయి. తెలుగును కన్నడం అన్న కుర్రవాడి మొహం వాటిలో రెండోది. ఆ పాపకు సీటు రాలేదు. ఆ పద్నాలుగు మార్కులు ఉంటే వచ్చేది. లెక్క నేనే వేసి చూశాను, లెక్కలు వేయడం నాకు బాగా వచ్చు.

జూన్‌లో ఆమె తండ్రి బడికి వచ్చాడు. పంచె, తువ్వాలు, కాళ్ళకు ఎర్రమట్టి. కూర్చోమంటే కూర్చోలేదు. పోట్లాడటానికి వచ్చాడేమోనని నేను వాదనలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"మా పాప తప్పు రాసిందా సార్?"

"తప్పేమీ లేదప్పా."

"అట్లయితే ఒప్పు రాసింది."

"ఒప్పు అని కూడా అనలేం. ఏముందో తెలియలేదని రాసింది."

"అది నిజమేనా సార్?"

అవునన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిజం రాస్తే మార్కు తీసేస్తారని ఆ పాపకు ముందే ఎవురైనా చెప్పినారా సార్? చెప్పింటే మేము ఇంత దూరం పంపేవాళ్ళమే కాదు. అబద్ధం నేర్చుకునేదానికి హోసూరు దాకా యాల, అంచెట్టి సంతలోనే నేర్పిద్దుము."

అంచెట్టి బస్సుకు టైమయిందని ఆయన వెళ్ళిపోయాడు. మాట ఇచ్చిన మనిషి, షరతు ప్రకారమే నడిచాడు. ఆ పాప చేను పనిలో పడిందని ఒకరు చెప్పారు. రెండేళ్ళకు క్రిష్ణగిరిలో బి.ఎస్సీ. చేరిందని ఇంకొకరు చెప్పారు. ఏది నిజమో పరీక్షించి తెలుసుకోవడానికి నేను ఆ బస్సు ఎక్కలేదు. అదే బడిలో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. పొట్లాలకు పేపర్లు మానేసి రంగు కాగితాలు వాడాను. రంగులు అందరికీ తెలుస్తాయి.

ఇన్నేళ్ళ తర్వాత ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇప్పటి పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని మీరు సభలు పెట్టి బాధపడుతున్నారు కాబట్టి. నన్ను కూడా ఒక సభకు పిలిచారు. సెల్‌ఫోను, టీవీ, సినిమా అని కారణాలన్నీ వరసగా చెప్పారు. ఆసక్తి ఉన్న పిల్ల ఒకతె మా ల్యాబుకు నడిచి వచ్చింది. ఆమెకు మేం ఏం చేశామో పైన చెప్పాను. ఆసక్తి లేని పిల్లలు మిగిలారంటే అందులో ఆశ్చర్యం ఏముంది? ఉన్నవాళ్ళను దిద్ది పంపించేశాం కదా.

నా వాక్యం నేను ఇక్కడ రాస్తున్నాను: ఆ రోజు మా ల్యాబులో నీళ్ళు పాడు, ఆ పాప రాసింది నిజం. చాలా ఆలస్యంగా రాశాను, ఆమెకు దీనివల్ల ఏ సీటూ రాదు. మీకింకా టైముంది. మీరు మాస్టరైతే, ఈ ఏడాది చూడకుండా చూశామని రాసిన పిల్లల కాగితాల మీద మీరు మార్కులు వేసి ఉంటారు. తల్లో తండ్రో అయితే, ఆ మార్కులకు స్వీట్లు పంచి ఉంటారు. ఈ పేజీ పక్కన పెట్టండి. కాగితం తీసుకోండి. మీ బడిలో మీకు తెలిసిన అబద్ధం ఏదో, ఒక్క వాక్యంలో, ఎవరి మీదకూ నెట్టకుండా రాయండి. కింద మీ సంతకం పెట్టి, రేపు పొద్దున బడి గంట కొట్టకముందే హెడ్‌మాస్టరు చేతికి ఇవ్వండి.